భారీ విద్యార్థి పరీక్షల నిర్వహణ: బెంగళూరు అనుభవం

లక్షలమంది విద్యార్థులు ఒకే రోజు, ఒకే వేళకు, వందల ఊళ్లలో పరీక్ష రాస్తారు. వారి జవాబులను ఒకే కొలతతో దిద్ది, అడిగితే రుజువు చూపగలిగే ఫలితం ఇవ్వాలి. దీనికి కావలసిన ఏర్పాట్లన్నిటినీ కలిపి భారీ పరీక్షల నిర్వహణ అంటారు. ప్రశ్నల ఎంపిక, ముద్రణ, రవాణా, కేంద్రాల కేటాయింపు, ఇన్విజిలేషన్, మూల్యాంకనం, ఫలితాల ప్రకటన, పునఃపరిశీలన ఇందులోని దశలు. ఏ ఒక్క దశ తప్పినా నష్టపోయేది విద్యార్థే. అందుకే నిర్వహణను గుమాస్తా పనిగా కాక, మార్కులో భాగంగానే చూడాలి. చదువును కొలిచే పరీక్ష ముందు తన కొలత సరైనదని నిరూపించుకోవాలి.

ఈ విషయాన్ని అధ్యయనం చేయడానికి బెంగళూరు అనువైన చోటు. పదో తరగతి పరీక్షల నుంచి వృత్తివిద్యా ప్రవేశ పరీక్షల దాకా రాష్ట్రమంతటికీ ఇక్కడి నుంచే నడుస్తాయి. 2016 నుంచి ప్రశ్నపత్రాల లీకు, మహమ్మారి, సిలబస్ వివాదం, కోర్టు తీర్పులు అన్నీ ఈ నగరంలోని సంస్థలకు ఎదురయ్యాయి. ప్రతి ఎదురుదెబ్బ తర్వాతా ఏదో ఒక పద్ధతి మారింది.

సంస్థలు

కర్ణాటకలో పదో తరగతి పరీక్షను ఎస్సెస్సెల్సీ అంటారు. దీని నిర్వహణకు 1966లో ఏర్పడిన సెకండరీ విద్యా పరీక్షల మండలి, 2022లో ప్రీ యూనివర్సిటీ పరీక్షల విభాగాన్ని కలుపుకొని కర్ణాటక పాఠశాల పరీక్షలు, మూల్యాంకన మండలి అయింది. మన ఇంటర్మీడియట్‌కు సమానమైన రెండేళ్ల కోర్సును అక్కడ పీయూసీ అంటారు. దాని రెండో ఏడు పరీక్ష కూడా ఇప్పుడు ఈ మండలిదే.

ఇంజినీరింగ్ తదితర వృత్తివిద్యా కోర్సుల ప్రవేశాల కోసం జరిగే సీఈటీని మల్లేశ్వరంలోని కర్ణాటక పరీక్షల ప్రాధికారం నిర్వహిస్తుంది. ప్రైవేటు కళాశాలల సమాఖ్య అయిన కామెడ్‌కె తన పరీక్షను కంప్యూటర్ మీద పెడుతుంది. రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం 1996 నుంచి రాష్ట్రంలోని వైద్య, నర్సింగ్, ఫార్మసీ కళాశాలల పరీక్షలు జరుపుతోంది.

తెలుగువారికి ఈ వ్యవస్థతో నేరుగా సంబంధం ఉంది. ఎస్సెస్సెల్సీలో ప్రథమ భాషగా ఎంచుకోదగిన భాషల్లో తెలుగు ఒకటి. కాబట్టి మండలి ఒకే విషయాన్ని పలు భాషల్లో, ఒకే కాఠిన్యంతో అడగాలి. అనువాదంలో ఒక్క మాట జారినా ఆ మాధ్యమంలో రాసే పిల్లలకే అన్యాయం జరుగుతుంది. ప్రశ్నపత్రం తయారుచేసినవారు కాక, ఆ విషయం బోధించే మరొక ఉపాధ్యాయుడు అనువాదాన్ని మూలంతో సరిచూడటం ఇక్కడ తప్పనిసరి జాగ్రత్త.

ప్రశ్నపత్రం తయారీ

మంచి ప్రశ్నపత్రం బ్లూప్రింట్‌తో మొదలవుతుంది. ఏ పాఠం నుంచి ఎన్ని మార్కులు, ఎన్ని సులభం, ఎన్ని కఠినం, ఎన్ని బట్టీకి లొంగనివి అన్నది ముందే రాసుకుంటారు. ఒక్కొక్క విషయానికి ఒకటికి మించి పత్రాలు వేర్వేరు వ్యక్తులచేత తయారు చేయించి, వాటిలో ఏది పరీక్షకు వెళ్తుందో తయారుచేసినవారికే తెలియకుండా ఉంచుతారు. అందువల్ల ఒక పత్రం బయటపడినా మరొకటి సిద్ధంగా ఉంటుంది.

ఈ దశలో జరిగే తప్పు ఎంత దూరం వెళ్తుందో 2024 సీఈటీ చూపింది. ఏప్రిల్ 18, 19 తేదీల్లో జరిగిన ఆ పరీక్షలో అప్పటికే సిలబస్ నుంచి తొలగించిన పాఠాల ప్రశ్నలు వచ్చాయి. విద్యార్థులు, తల్లిదండ్రులు, అధ్యాపకులు నిరసన తెలిపారు. నిపుణుల సంఘం పరిశీలించాక నాలుగు విషయాల్లో కలిపి 50 ప్రశ్నలను లెక్కలోంచి తీసేసి, మిగిలినవాటికే మార్కులు వేశారు. ఒక్కో విషయానికి 60 ప్రశ్నలు, 80 నిమిషాలు ఉండే పరీక్ష అది. తీసేసిన ప్రశ్నల మీద కుస్తీపట్టిన విద్యార్థికి ఆ సమయం తిరిగి రాదు. ప్రశ్నలు తయారుచేసేవారికి ఆ ఏటి సిలబస్‌ను, తొలగించిన పాఠాల జాబితాను చేతికిచ్చి సంతకం తీసుకోవడం, ముద్రణకు ముందు ప్రతి ప్రశ్న పక్కన పాఠం పేరు రాయించడం చిన్న పనులే. ఆ చిన్న పనులు లక్షలమంది సమయాన్ని కాపాడగలవు.

ప్రశ్నపత్రం ప్రయాణం

ముద్రణాలయం నుంచి తరగతి గదిలోని బెంచీ దాకా ప్రశ్నపత్రం చాలా చేతులు మారుతుంది. చేయి మారే ప్రతిచోటా ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఎన్ని గంటలకు, సీలు సరిగ్గా ఉందా అనే నాలుగు సంగతులు నమోదు కావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రశ్నపత్రాల కట్టలను పోలీస్ స్టేషన్లలో భద్రపరచడం ఆనవాయితీ. కర్ణాటకలో ఆ బాధ్యత ఎక్కువగా ట్రెజరీలది.

2016లో ఈ గొలుసు తెగింది. రెండో పీయూసీ రసాయనశాస్త్రం పరీక్ష మార్చి 21న జరిగింది, పత్రం ముందే బయటపడిందని తేలి దాన్ని రద్దు చేశారు. మార్చి 31కి మళ్లీ పెట్టారు. ఆ పత్రం కూడా లీకైంది. చివరికి ఏప్రిల్ 12న మూడో ప్రయత్నంలో పరీక్ష పూర్తయింది. నిజాయితీగా చదివిన లక్షన్నరకు పైగా విద్యార్థులు ఒకే పరీక్షకు మూడుసార్లు సిద్ధం కావలసి వచ్చింది. బెంగళూరు వీధుల్లో విద్యార్థులు ఆందోళనకు దిగారు. దర్యాప్తు సీఐడీకి వెళ్లింది.

ఆ మరుసటి ఏడు నుంచి కర్ణాటక భద్ర పరీక్షా వ్యవస్థ అమల్లోకి వచ్చింది. పత్రాలు దాచిన గదుల మీద సీసీ కెమెరాల నిఘా, రవాణా మీద అజమాయిషీ, పై నుంచి కేంద్రీకృత పర్యవేక్షణ ఇందులో భాగం. తాళం బలంగా ఉంటే చాలదనీ, తాళం ఎవరు ఎప్పుడు తీశారో చెప్పే రికార్డు కూడా ఉండాలనీ నిర్వాహకులు గ్రహించిన సందర్భమది.

అదే ఏడు తెలంగాణకూ ఇదే పాఠం అందింది. 2016 జులైలో వైద్య ప్రవేశాల కోసం జరిగిన రెండో ఎంసెట్ పత్రం ముద్రణాలయం దగ్గరే లీకైంది. పరీక్ష రద్దయి, సెప్టెంబర్ 11న మూడో ఎంసెట్ రాయాల్సి వచ్చింది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ పదో తరగతి పత్రాల ఫొటోలు పరీక్ష మొదలయ్యాక వాట్సాప్‌లో తిరిగాయి. మొదటి తరహా లీకు పరీక్షనే చెరుపుతుంది. రెండో తరహాలో ఎంతమందికి లాభం కలిగిందన్నది విచారించాకే తేలుతుంది. అందుకే ప్రతి కేంద్రంలో విద్యార్థులకే కాక సిబ్బందికీ ఫోన్ నిషేధించడం, పత్రం ఏ కేంద్రం నుంచి బయటికొచ్చిందో తెలిపే గుర్తులు ముద్రించడం ఇప్పుడు మంచి పద్ధతులుగా స్థిరపడ్డాయి.

పరీక్షా కేంద్రం

కేంద్రం ఎంపికలో ప్రహరీ, గదులు, బెంచీలు, వెలుతురు, తాగునీరు, మరుగుదొడ్లు, బస్సు సౌకర్యం చూడాలి. బెంగళూరు ట్రాఫిక్‌లో పది కిలోమీటర్ల దూరానికి గంట పట్టవచ్చు. కాబట్టి కేంద్రాన్ని దూరంతో కాక ప్రయాణ సమయంతో లెక్కవేయడం మేలు. నిమిషం ఆలస్యమైనా అనుమతించబోమనే నిబంధన తెలుగు రాష్ట్రాల్లో ఎంతోమంది పిల్లలను గేటు బయటే నిలబెట్టి ఏడిపించింది. నిబంధన కఠినంగా ఉన్నప్పుడు కేంద్రం చిరునామా, దారి, గేటు మూసే వేళ హాల్ టికెట్ మీదే స్పష్టంగా ఉండాలి. ముందురోజు వెళ్లి చూసివచ్చే వీలు కూడా కల్పించాలి.

కేంద్రం లోపల బాధ్యతలు విడివిడిగా ఉండాలి. చీఫ్ సూపరింటెండెంట్ మొత్తానికి బాధ్యుడు. కస్టోడియన్ పత్రాలకు బాధ్యుడు. ఇన్విజిలేటర్ గదికి బాధ్యుడు. ఆ రోజు పరీక్ష జరిగే విషయాన్ని బోధించే ఉపాధ్యాయుడిని ఇన్విజిలేటర్‌గా వేయకపోవడం, సొంత పాఠశాల పిల్లలున్న కేంద్రానికి పంపకపోవడం పాత నియమాలే అయినా నేటికీ విలువైనవి. చుట్టుపక్కల నిషేధాజ్ఞలు పెట్టడం, జిరాక్స్ దుకాణాలు మూయించడం, ఫ్లయింగ్ స్క్వాడ్లు తిరగడం వీటికి తోడు.

2024 ఎస్సెస్సెల్సీ నుంచి గదుల్లోని కెమెరాల దృశ్యాలను వెబ్‌కాస్టింగ్ ద్వారా అధికారులు నేరుగా చూడసాగారు. ఫలితం మీద దాని ప్రభావం వెంటనే కనిపించింది. 2023లో 83.89 శాతంగా ఉన్న ఉత్తీర్ణత 2024లో 73.40 శాతానికి దిగింది. అదీ గ్రేస్ మార్కులను 10 నుంచి 20 శాతానికి పెంచిన తర్వాత వచ్చిన లెక్క. ఉడుపి జిల్లా 94 శాతంతో మొదట, యాదగిరి సుమారు 50 శాతంతో చివర నిలిచాయి. నిఘా పెరిగి ఉత్తీర్ణత తగ్గితే ఆ తగ్గుదల పరీక్ష చేసిన చెడు కాదు, ఏళ్లుగా తరగతి గదిలో పేరుకున్న లోటు బయటపడటం. అయితే ఆ మార్పును ఒక్క ఏటిలో తెచ్చి, దాని బరువంతా పదిహేనేళ్ల పిల్లల మీద వేయడం న్యాయం కాదు. అదే విద్యాసంవత్సరం కర్ణాటక మూడు పరీక్షలు పెట్టి, వాటిలో మెరుగైన మార్కులు ఉంచుకునే వీలు ఇవ్వడం ఈ బరువును కొంత తగ్గించింది.

తనిఖీ, గౌరవం

ప్రవేశద్వారం దగ్గర తనిఖీకి కారణం ఉంది. బ్లూటూత్ పరికరాలతో జవాబులు వినే ప్రయత్నాలు కర్ణాటకలో 2023 అక్టోబర్ నాటి ఉద్యోగ నియామక పరీక్షల్లో బయటపడ్డాయి. అప్పటి నుంచి తనిఖీ కఠినమైంది. కానీ కఠినత్వానికి హద్దు రాసి ఉంచకపోతే ఏమవుతుందో 2025 ఏప్రిల్‌లో తెలిసింది. సీఈటీ జరుగుతుండగా బీదర్, శివమొగ్గ కేంద్రాల్లో కొందరు విద్యార్థులను జంధ్యం తీసేయమన్నారు. బీదర్‌లో ఒక విద్యార్థి గణితం పరీక్ష రాయలేకపోయాడు. ప్రభుత్వం బాధ్యులైన సిబ్బందిపై చర్య తీసుకుంది, నష్టపోయిన విద్యార్థికి ప్రత్యామ్నాయం చూపింది.

నిబంధనలో లేని మాటను గేటు దగ్గరి సిబ్బంది సొంతంగా చేర్చినప్పుడే ఇలాంటివి జరుగుతాయి. ఏవి తేవచ్చు, ఏవి తేకూడదు, మతచిహ్నాలు, మంగళసూత్రం, మందులు, వినికిడి యంత్రం విషయంలో ఏం చేయాలి అన్నది బొమ్మలతో సహా ఒక పేజీలో ముద్రించి సిబ్బందికీ విద్యార్థికీ ముందే ఇవ్వాలి. సందేహం వస్తే విద్యార్థిని పరీక్ష రాయనిచ్చి, ఆ తర్వాతే విచారించాలి. కోల్పోయిన పరీక్షను ఏ క్షమాపణా తిరిగి తేలేదు.

దివ్యాంగుల విషయంలోనూ ఇదే సూత్రం. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం అర్హులకు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం, అవసరమైతే స్క్రైబ్ ఇవ్వాలి. ఈ సదుపాయాన్ని దరఖాస్తు దశలోనే ఖరారు చేసి హాల్ టికెట్ మీద ముద్రిస్తే పరీక్ష ఉదయం వాదన ఉండదు.

మహమ్మారి కాలం

2020లో కోవిడ్ వల్ల తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పరీక్షలను రద్దు చేశాయి. కర్ణాటక మాత్రం జూన్ 25న ఎస్సెస్సెల్సీ మొదలుపెట్టి జులై మొదటి వారంలో ముగించింది. దాదాపు 8 లక్షల 48 వేలమంది నమోదైన పరీక్ష అది. గేటు దగ్గర థర్మల్ స్కానింగ్, మాస్కులు, శానిటైజర్, దూరదూరంగా బెంచీలు, జ్వరం ఉన్నవారికి విడిగా గది, రవాణాకు బస్సులు ఏర్పాటుచేశారు. సోకినవారు, రాలేకపోయినవారు తర్వాతి పరీక్షను మొదటి ప్రయత్నంగానే రాసే వీలు కల్పించారు. ఈ చివరి ఏర్పాటే అన్నిటికన్నా విలువైనది. జ్వరం దాచిపెట్టి రావాల్సిన అవసరం పిల్లలకు లేకుండా చేసింది.

2021లో పరీక్ష రూపాన్నే మార్చారు. ఆరు పరీక్షల స్థానంలో జులై 19న గణితం, సైన్స్, సాంఘికశాస్త్రం, 22న మూడు భాషలు పెట్టారు. ప్రతి రోజూ 120 బహుళైచ్ఛిక ప్రశ్నలు, ఓఎంఆర్ పత్రాలు. గదికి పన్నెండుమందే ఉండేలా కేంద్రాలను పెంచారు. ఫలితం ఆగస్టు 9న వచ్చింది. అత్యవసరంలో ఇలా కుదించడం తప్పు కాదు. అయితే రూపం మార్చినప్పుడు నమూనా ఓఎంఆర్ పత్రాలను ముందే పంచి, బబ్లింగ్ అభ్యాసం చేయించాలి. కొత్త రూపానికి అలవాటు పడలేదన్న కారణంతో ఏ విద్యార్థీ మార్కు కోల్పోకూడదు.

మూల్యాంకనం, ఫలితాలు

జవాబుపత్రం మీద విద్యార్థి పేరు, నంబరు దాచి, బదులు కోడ్ వేసి దిద్దించడం మూల్యాంకనంలో ప్రాథమిక జాగ్రత్త. ఈ ఆలోచన కొత్తది కాదు. చైనాలో సాంగ్ రాజవంశ కాలపు కొలువు పరీక్షల్లో అభ్యర్థి పేరును కప్పేసి, చేతిరాతను గుర్తుపట్టకుండా జవాబును మరొకరిచేత తిరగరాయించి దిద్దేవారు. నేటి బార్‌కోడ్ పని కూడా అదే.

దిద్దేవారికి ముందు జవాబు సూచిక ఇచ్చి, కొన్ని నమూనా పత్రాలను అందరిచేతా దిద్దించి, తేడాలను చర్చించాకే అసలు పని మొదలుపెట్టాలి. రోజుకు ఒక్కొక్కరు దిద్దే పత్రాలకు పరిమితి ఉండాలి. చీఫ్ ఎగ్జామినర్ కొన్నిటిని తిరిగి చూడాలి. స్కాన్ చేసిన పత్రాలను తెర మీద దిద్దే డిజిటల్ మూల్యాంకనంలో మొత్తం కూడే పని యంత్రమే చేస్తుంది, దిద్దని పేజీ ఉంటే ముందుకు పోనివ్వదు. కర్ణాటక విశ్వవిద్యాలయాలు ఈ పద్ధతిని అందిపుచ్చుకున్నాయి.

యంత్రం ఉన్నంత మాత్రాన తప్పు ఆగదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడ్డాక, మార్కుల నమోదులోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ జరిగిన తప్పులు బయటపడ్డాయి. తెలుగులో 99 మార్కులు రావాల్సిన విద్యార్థినికి సున్నా చూపారు. ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం త్రిసభ్య సంఘాన్ని వేసి, తప్పినవారందరి పత్రాలను ఉచితంగా పునఃపరిశీలన చేయించింది. ఏ మండలి అయినా మరవకూడని విషాదమిది. కొత్త సాఫ్ట్‌వేర్‌ను కనీసం ఒక పరీక్షా కాలం పాత పద్ధతికి సమాంతరంగా నడిపి చూడాలి. సున్నాలు, గైర్హాజరు గుర్తులు, ఇతర విషయాల్లో బాగా వచ్చి ఒక్కదానిలోనే పడిపోయిన మార్కులు ఫలితానికి ముందే జవాబుపత్రంతో సరిచూడాలి. ఫలితాల రోజు హెల్ప్‌లైన్, కౌన్సెలర్లు ఉండాలి. సప్లిమెంటరీ తేదీలు ఫలితంతో పాటే ప్రకటించాలి.

మార్కుల పోలిక

వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు పద్ధతుల్లో వచ్చిన మార్కులను ఒకే ర్యాంకు జాబితాలో చేర్చడం అతి కష్టమైన పని. కర్ణాటకలో ఇంజినీరింగ్ ర్యాంకుకు పీయూసీ మార్కులు, సీఈటీ మార్కులు సగం సగం లెక్కిస్తారు. 2021లో పీయూసీ పరీక్ష రద్దయి, విద్యార్థులకు అంచనా మార్కులు ఇచ్చారు. వారిలో సుమారు 24 వేలమంది 2022 సీఈటీ మళ్లీ రాసినప్పుడు వారి పీయూసీ మార్కులను లెక్కించబోమని ప్రాధికారం తెలిపింది. హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. చివరికి వారి భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం మార్కుల్లో సగటున 6, 5, 7 చొప్పున తగ్గించి లెక్కించే సూత్రం కుదిరింది. సీట్ల భర్తీ ఆలస్యమైంది.

2020లో ఇంగ్లండ్‌లోనూ ఇలాంటి తలనొప్పే వచ్చింది. పరీక్షలు రద్దయ్యాక లెక్కల సూత్రంతో ఇచ్చిన ‘ఎ లెవెల్’ అనే పాఠశాల చివరి పరీక్షల గ్రేడ్లను నిరసనల మధ్య ఆగస్టు 17న ఉపసంహరించారు. లెక్కింపు సూత్రాన్ని పరీక్షకు ముందే ప్రకటించి, దాని వల్ల ఎవరు నష్టపోతారో పాత ఏళ్ల మార్కులతో పరీక్షించి చూడాలని ఈ రెండు ఉదాహరణలూ చెబుతున్నాయి.

కంప్యూటర్ పరీక్షలు

కంప్యూటర్ పరీక్షలో ముద్రణ, రవాణా ప్రమాదాలు తగ్గుతాయి. విద్యుత్తు, సర్వర్, కేంద్రం నడిపే ప్రైవేటు సంస్థ విశ్వసనీయత అనే కొత్త ప్రమాదాలు వస్తాయి. పలు విడతల్లో జరిగితే కాఠిన్యాల తేడాను సరిచేసే నార్మలైజేషన్ కావాలి. తెలుగు రాష్ట్రాల్లో ఎంసెట్ స్థానంలో వచ్చిన పరీక్షలు ఈ దారిలో నడుస్తుండగా, కర్ణాటక సీఈటీ పెన్ను, ఓఎంఆర్ పద్ధతిలోనే సాగుతూ వచ్చింది.

ఇంటి నుంచి రాసే పరీక్ష ఎంత బలహీనమో బెంగళూరు 2020లోనే చూసింది. నేషనల్ లా స్కూల్ సెప్టెంబర్ 12న సొంతంగా ఆన్‌లైన్ ప్రవేశ పరీక్ష పెట్టింది. ప్రశ్నలు బయటకు వెళ్లాయన్న ఆరోపణలొచ్చాయి. సెప్టెంబర్ 21న సుప్రీంకోర్టు ఆ పరీక్షను కొట్టేసి, ప్రవేశాలు లా కోర్సుల ఉమ్మడి ప్రవేశ పరీక్ష అయిన క్లాట్ ద్వారానే జరగాలని చెప్పింది. ఇంట్లో నెట్, నిశ్శబ్దమైన గది ఉన్నవారికీ లేనివారికీ ఒకే అవకాశం కల్పించలేని పద్ధతి ప్రవేశ పరీక్షకు తగదు.

ర్యాంకు లేని పరీక్షలు

పిల్లలను వడకట్టడానికి కాక, బడి ఎలా ఉందో తెలుసుకోవడానికి జరిపే భారీ పరీక్షలు వేరు. బెంగళూరు కేంద్రంగా ఉన్న అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ 2002లో ఈశాన్య కర్ణాటకలో లర్నింగ్ గ్యారంటీ కార్యక్రమం మొదలుపెట్టి, ప్రభుత్వ పాఠశాలల పిల్లల అభ్యసనాన్ని కొలిచింది. తర్వాత ప్రభుత్వమే పాఠశాలల నాణ్యత కొలిచే ప్రత్యేక సంస్థను పెట్టింది. ఇలాంటి పరీక్షల్లో ఫలితం ఉపాధ్యాయుడికి చేరి బోధన మారాలి, పిల్లవాడి మీద ముద్ర పడకూడదు. 5, 8, 9 తరగతులకు రాష్ట్రస్థాయి పరీక్షలు పెట్టాలన్న కర్ణాటక ప్రయత్నం కోర్టుల దాకా వెళ్లి, 2024 ఏప్రిల్‌లో ఫలితాల మీద సుప్రీంకోర్టు స్టేతో ఆగింది. పరీక్ష ఏ పని కోసమో తేల్చుకోకుండా మొదలుపెడితే నిర్వహణ ఎంత బాగున్నా చిక్కులు తప్పవు.

చట్టం, జవాబుదారీ

2024లో జాతీయ వైద్య ప్రవేశ పరీక్ష నీట్ మీద వచ్చిన వివాదం దేశాన్ని కుదిపింది. సమయం నష్టపోయారని గ్రేస్ మార్కులు పొందిన 1,563మందికి జూన్ 23న తిరిగి పరీక్ష పెట్టారు. ప్రభుత్వ పరీక్షల్లో అక్రమాలను నిరోధించే కేంద్ర చట్టం ఆ ఏడు జూన్ 21న అమల్లోకి వచ్చింది. అక్రమాలకు మూడు నుంచి ఐదేళ్ల జైలు, సేవలందించే సంస్థలు దోషులైతే కోటి రూపాయల దాకా జరిమానా ఇందులో ఉన్నాయి. ఇస్రో మాజీ ఛైర్మన్ కె. రాధాకృష్ణన్ నాయకత్వంలోని సంఘం నీట్ నిర్వహించే జాతీయ పరీక్షల సంస్థలో సంస్కరణలు సూచించింది. ప్రైవేటు కేంద్రాల మీద ఆధారపడటం తగ్గించడం వాటిలో ముఖ్యమైనది.

శిక్ష తప్పు జరిగాక పనిచేస్తుంది. విద్యార్థిని ముందే కాపాడేది రాసి ఉన్న నియమం, దాన్ని పాటించారని చూపే రికార్డు. ప్రాథమిక కీని ప్రకటించి అభ్యంతరాలకు గడువివ్వడం, ఓఎంఆర్ నకలు, జవాబుపత్రం స్కాన్ అందుబాటులో ఉంచడం, రీవాల్యుయేషన్‌లో మార్కులు పెరిగితే ఫీజు తిరిగివ్వడం, ప్రతి పరీక్ష తర్వాత జరిగిన లోపాలను బహిరంగ నివేదికగా ముద్రించడం ఏ మండలికైనా సాధ్యమయ్యే పనులే. బెంగళూరులో మారిన పద్ధతులు చాలావరకు విద్యార్థులు రోడ్డెక్కాకో, కోర్టుకెళ్లాకో మారాయి. రసాయనశాస్త్రం మూడుసార్లు రాసినవారికి, సిలబస్‌లో లేని ప్రశ్నతో పోరాడినవారికి ఆ మార్పు ఆలస్యంగా అందింది. తర్వాతి తరానికి ముందుగానే అందించడం పరీక్షలు నడిపేవారి మొదటి కర్తవ్యం.